కాన్పు వేళ వస్త్రధారణ: అగత్యం ఎంతో అనుమతి అంతే

కొన్ని నెలల క్రితం ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత ఒక యువకుడు మస్జిదులో మా కోసం వేచి ఉన్నాడు. జనమంతా వెళ్ళిపోయాక మెల్లగా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "మౌలానా సాబ్, మా ఇంట్లో ఆమెకు ఎనిమిదో నెల. తొలి కాన్పు. నొప్పులంటే అంత భయం లేదంటోంది. ఆస్పత్రిలో ఇచ్చే గౌను గురించే దిగులు పడుతోంది. వెనక వైపు తెరిచి ఉంటుందట, మోకాళ్ళ దాకా కూడా రాదట. కాన్పు సమయంలో ఏం వేసుకోవాలో అడిగి రమ్మంది" అన్నాడు.

మేము ఆలోచించకుండానే జవాబు చెప్పాము: "అగత్యం ఏర్పడినప్పుడు నిషిద్ధమైనది కూడా అనుమతించబడుతుంది బాబూ. డాక్టర్లు ఏది వేసుకోమంటే అది వేసుకోమను. దిగులు పడొద్దని చెప్పు."

మరుసటి శుక్రవారం ఆ యువకుడు మళ్ళీ వచ్చాడు. కాస్త మొహమాటపడుతూ, "సాబ్, ఆమె మరో మాట అడగమంది. ఆ సూత్రానికి రెండో సగం కూడా ఉంది కదా, దాన్ని మౌలానా సాబ్ ఎందుకు చెప్పలేదు అంటోంది" అన్నాడు. ఆ అమ్మాయి పెళ్ళికి ముందు కొన్నేళ్ళు బాలికల మదరసాలో చదువుకుందట.

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. మేము చెప్పిన జవాబు తప్పు కాదు, కానీ సగం జవాబు. సగం జవాబుతో ఒక సోదరి దిగులు తీరలేదు. అందుకే ఈ విషయాన్ని పూర్తిగా వివరించడం మా బాధ్యత అని భావించి ఈ వ్యాసం రాస్తున్నాము.

సూత్రంలోని రెండు సగాలు

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో రెండు సూత్రాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది, అగత్యం నిషిద్ధాలను ధర్మసమ్మతం చేస్తుందన్నది. రెండోది, అగత్యం వల్ల లభించిన అనుమతి ఆ అగత్యం మేరకే పరిమితమన్నది. ఉస్మానియా పాలనా కాలంలో 1869 నుండి 1876 వరకు సంకలనమైన 'మజల్లా' అనే న్యాయ సంహితలో ఇవి 21, 22 సంఖ్యల కింద వరుసగా కనిపిస్తాయి. వీటిని విడదీయడం సరికాదు.

ఈ సూత్రాలకు మూలం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. నిషేధించిన వాటిని అల్లాహ్ వివరంగా తెలియజేశాడనీ, గత్యంతరం లేని స్థితి మాత్రం దానికి మినహాయింపు అనీ అన్ఆమ్ సూరా 119వ ఆయతు తెలుపుతోంది. ధర్మంలో అల్లాహ్ మనపై ఏ ఇబ్బందీ పెట్టలేదని హజ్ సూరా 78వ ఆయతు చెబుతోంది. మీ చేతులారా మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోవద్దని బఖరా సూరా 195వ ఆయతు హెచ్చరిస్తోంది.

మొదటి సగాన్ని మరచిన వారు ప్రాణాలకు ముప్పు తెస్తారు. రెండో సగాన్ని మరచిన వారు స్త్రీ గౌరవానికి ముప్పు తెస్తారు. మన సమాజంలో ఈ ఇద్దరూ ఉన్నారు.

మొదటి పొరపాటు: సిగ్గు పేరుతో ఆలస్యం

నొప్పులు మొదలైన స్త్రీని లేడీ డాక్టరు లేదన్న కారణంతో ఒక ఆస్పత్రి నుండి మరో ఆస్పత్రికి తిప్పడం, "బురఖా తీయమంటున్నారు" అని ఇంట్లోనే కాన్పు చేయించాలని పట్టుపట్టడం కొందరు ధర్మనిష్ఠ అనుకుంటారు. ఇది ధర్మనిష్ఠ కాదు, ధర్మం పట్ల అజ్ఞానం. కాన్పు తర్వాత రక్తస్రావం అదుపు తప్పితే అంతవరకు ఆరోగ్యంగా ఉన్న స్త్రీ కూడా కొద్ది గంటల్లోనే ప్రాణాలు కోల్పోవచ్చు. అటువంటి సమయంలో గడిచే ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

తెలియకుండా ఫత్వా ఇవ్వడం ఎంత ప్రమాదకరమో ఒక సంఘటన ద్వారా తెలుస్తుంది. ఒక ప్రయాణంలో ఒకరికి తలపై గాయమయింది. ఆయనకు గుస్ల్ విధి అయినప్పుడు, తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగారు. నీళ్ళు అందుబాటులో ఉండగా నీకు ఆ సౌలభ్యం లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఈ వార్త విన్న దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా బాధపడి, వాళ్ళే అతణ్ణి చంపారనీ, తెలియనప్పుడు అడిగి ఉండాల్సిందనీ, అజ్ఞానమనే రోగానికి అడిగి తెలుసుకోవడమే మందు అనీ హెచ్చరించారు. ఈ ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. సౌలభ్యం ఉన్న చోట దాన్ని దాచి కాఠిన్యం చూపడం ఎంత పెద్ద నేరమో దీన్నిబట్టి గ్రహించాలి.

కనుక స్పష్టంగా చెబుతున్నాము: తల్లికో బిడ్డకో ప్రమాదం ఎదురై, ఆ సమయంలో పురుష డాక్టరు మాత్రమే ఉంటే, ఆయన చేత వైద్యం చేయించుకోవడం ధర్మసమ్మతం. అందుకు ఏ మేరకు వస్త్రం తొలగించాల్సి వస్తే ఆ మేరకు తొలగించడంలో పాపం లేదు. అక్కడ ఆలస్యం చేయడమే పాపం.

రెండో పొరపాటు: ఆస్పత్రిలో సిగ్గేమిటని కొట్టిపారేయడం

ఇక రెండో వర్గం వారున్నారు. "కాన్పుకు పోయినదానికి సిగ్గేమిటి? అందరూ కనలేదా?" అని పెద్దవాళ్ళే మందలిస్తారు. పరీక్ష అయిపోయినా దుప్పటి కప్పరు, తలుపు వేయరు. వచ్చేవాళ్ళు వస్తుంటారు, పోయేవాళ్ళు పోతుంటారు. నొప్పులతో ఉన్న స్త్రీ ఏమీ అనలేదు కాబట్టి ఆమెకు బాధ లేదనుకుంటారు.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఒక స్త్రీ సంఘటన ఉంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒకసారి తమ శిష్యుడు అతా బిన్ అబీ రబాహ్‌కు ఒక నల్లని స్త్రీని చూపి, ఆమె స్వర్గవాసి అని చెప్పారు. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. ఆమె దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, మూర్ఛ వచ్చినప్పుడు తన శరీరంపై వస్త్రం తొలగిపోతోందనీ, తన కోసం దుఆ చేయమనీ వేడుకుంది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందనీ, లేదా స్వస్థత కోసం దుఆ చేస్తాననీ, ఏది కోరుకుంటావో కోరుకోమనీ ఆయన అన్నారు. సహనమే కోరుకుంటానందామె. కానీ మూర్ఛలో తన వస్త్రం తొలగకుండా ఉండేందుకు మాత్రం దుఆ చేయమని అడిగింది. ఆయన దుఆ చేశారు.

సోదరులారా, ఆలోచించండి! రోగాన్ని భరించడానికి ఆమె సిద్ధపడింది. వస్త్రం తొలగడాన్ని భరించలేకపోయింది. రోగిష్ఠివి, స్పృహలో లేనిదానివి, నీ మీద పాపం లేదు కదా, దిగులెందుకు అని దైవప్రవక్త (సఅసం) ఆమెను పంపేయలేదు. పాపం లేకపోవడం వేరు, మనసుకు బాధ లేకపోవడం వేరు. ఆయన ఆమె బాధను గుర్తించారు. ఆ అమ్మాయికి మేమిచ్చిన మొదటి జవాబులో లోపించింది ఇదే.

ఫుఖహా ఏమన్నారు?

స్త్రీ ముందు స్త్రీ కప్పుకోవలసిన భాగం (సత్ర్) నాభి నుండి మోకాళ్ళతో సహా అని హనఫీ ఫుఖహా తెలిపారు. కాబట్టి గదిలో స్త్రీలు మాత్రమే ఉన్నప్పుడు తలపై ముసుగు గానీ పొడుగు చేతులు గానీ తప్పనిసరి కాదు. ముస్లిమేతర స్త్రీ ముందు మరింత జాగ్రత్త వహించాలని కొందరు ఫుఖహా చెప్పినప్పటికీ, నర్సుగానో డాక్టరుగానో సేవ చేసే చోట అవసరమైన మేరకు ఆమె చూడటంలో, తాకడంలో అభ్యంతరం లేదు.

ఇక వైద్యుని గురించి, మన మదరసాల్లో నేటికీ బోధించే 'హిదాయా' గ్రంథంలో 12వ శతాబ్దపు ధర్మవేత్త బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) ఒక క్రమాన్ని వివరించారు. వైద్యుడు రోగం ఉన్న చోటును అగత్యం మేరకు చూడవచ్చు. అయితే వీలైతే ఒక స్త్రీకి వైద్యం నేర్పించి ఆమె చేత చేయించాలి. అది వీలు కానప్పుడు రోగం ఉన్న చోటు తప్ప మిగతా శరీరమంతా కప్పి ఉంచాలి. ఆ తర్వాత చూపును సాధ్యమైనంత అదుపులో ఉంచుకుని వైద్యం చేయాలి. సుమారు 800 ఏళ్ళ నాటి ఈ మాట నేటి ఆపరేషన్ థియేటరుకూ సరిగ్గా వర్తిస్తుంది. అక్కడ కూడా కోత పెట్టే చోటు మాత్రమే తెరిచి, మిగతా శరీరాన్ని శుభ్రమైన గుడ్డలతో కప్పుతారు. అంటే ఈ విషయంలో షరీఅత్‌కూ వైద్యానికీ వైరం లేదు.

స్త్రీకి గోప్యత కల్పించడం ముస్లింలు మాత్రమే కోరే ప్రత్యేక సౌకర్యం కూడా కాదు. ప్రసూతి సమయంలో గౌరవం, గోప్యత ప్రతి తల్లికీ అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2017 డిసెంబరులో ప్రభుత్వ ఆస్పత్రుల ప్రసూతి గదుల కోసం ప్రారంభించిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ గోప్యత, గౌరవప్రదమైన సేవ, తోడుగా ఒక మనిషి ఉండటం భాగాలే. కాబట్టి మర్యాదగా అడగడానికి సంకోచించనవసరం లేదు.

ఏం వేసుకోవాలి?

కాన్పు కోసం షరీఅత్ ఒక రంగునో ఒక రకం వస్త్రాన్నో నిర్ణయించలేదు. సత్ర్ కాపాడటం, శుభ్రత, వైద్యానికి అడ్డు రాకపోవడం, ఈ మూడూ చూసుకుంటే చాలు. ఆచరణలో ఈ విషయాలు గమనించండి:

1. ఎనిమిదో నెలలోనే డాక్టరుతో మాట్లాడండి. రాత్రివేళ లేడీ డాక్టరు ఉంటారా, సొంత బట్టలు అనుమతిస్తారా, గౌను ఎంత పొడవు ఉంటుంది, ప్రసూతి గదిలో తెరలు ఉన్నాయా అని అడగండి. మత్తు ఇచ్చే డాక్టరు పురుషుడయ్యే అవకాశం ఉంటుంది. నడుముకు సూది వేసేటప్పుడు ఆయనకు వీపు కింది భాగం కనిపించాలి. మిగతాది కప్పి ఉంచమని నర్సుకు ముందే చెప్పవచ్చు.

2. సొంత బట్టలకు ఒప్పుకుంటే, పాదాల దాకా వచ్చే వదులైన నూలు మాక్సీ మంచిది. ముందు గుండీలు ఉంటే బిడ్డకు పాలివ్వడం సులువు. బిడ్డ పుట్టగానే తల్లి ఛాతీపై పడుకోబెట్టాలని, మొదటి గంటలోనే పాలు పట్టించాలని డాక్టర్లు చెబుతారు. అప్పుడు పైన కప్పుకోవడానికి ఒక శాలువా దగ్గర ఉంచుకోండి. చేతులు బిగుతుగా ఉండకూడదు. బి.పి. పట్టీ కట్టడానికి, సెలైన్ సూది పెట్టడానికి చెయ్యి తేలిగ్గా పైకి జరగాలి. ఉమ్మనీటితో బట్టలు తడుస్తాయి కాబట్టి రెండు మూడు జతలు ఉండాలి.

3. ఆస్పత్రి గౌనే వేసుకోవాలంటే రెండు గౌన్లు అడగండి. ఒకటి వెనక తెరిచి ఉండేలా, దానిపై రెండోది ముందు తెరిచి ఉండేలా వేసుకుంటే శరీరమంతా కప్పబడుతుంది. పరీక్ష సమయంలో పైదాన్ని తీస్తే సరిపోతుంది. ఇంటి నుండి తెచ్చిన దుప్పటి నడుము నుండి పాదాల దాకా కప్పుకోవచ్చు.

4. తలకు పిన్నులు లేని మెత్తని నూలు టోపీ లాంటిది చాలు. ఆపరేషన్ థియేటరులో ఎలాగూ అందరికీ టోపీ పెడతారు. ముఖంపై నఖాబ్ ఉంచుకోవాలని పట్టుపట్టకండి. పెదవుల రంగును బట్టి, ముఖాన్ని బట్టి డాక్టర్లు పరిస్థితిని అంచనా వేస్తారు. ఆక్సిజన్ పెట్టాల్సి రావచ్చు.

5. ఉంగరాలు, గాజులు, గొలుసులు ఇంట్లోనే తీసి పెట్టండి. వేళ్ళు వాచితే ఉంగరం బిగుసుకుపోతుంది. గోళ్ళ రంగు ఉంటే వుజూ నెరవేరదు, వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరం కొలతకూ అది అడ్డు రావచ్చు. తొడకో నడుముకో తాయెత్తు కట్టి, దాన్ని తీయనివ్వమని వాదించేవారున్నారు. ఖుర్ఆన్ వాక్యాలున్న దాన్ని రక్తం అంటే చోట ఉంచడం దాని గౌరవానికి భంగం. కాన్పు సులభం చేసేవాడు అల్లాహ్ ఒక్కడే.

నొప్పుల్లో నమాజు, ఆ బట్టలు

చాలామంది సోదరీమణులు నొప్పులు మొదలవగానే నమాజు మాఫీ అయిపోయిందనుకుంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం బిడ్డ పుట్టక ముందు కనిపించే నీరు గానీ రక్తం గానీ నిఫాస్ (పురిటి రక్తం) కాదు. దానితో వుజూ భంగమవుతుంది, నమాజు విధి తొలగిపోదు. నిలబడలేకపోతే కూర్చొని, అదీ సాధ్యం కాకపోతే పడుకొని సైగలతో చేయవచ్చు. అందుకే ముఖం, ముంజేతులు, పాదాలు తప్ప మిగతాదంతా కప్పే ఒక పెద్ద నమాజు చాదర్ సంచిలో పెట్టుకోవాలి. గౌనుపైనే దాన్ని కప్పుకుంటే సరిపోతుంది. నొప్పుల తీవ్రత వల్ల అసలే చేయలేకపోతే, పరిశుద్ధత పొందాక ఆ నమాజును ఖజాగా చేసుకోవాలి. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిపైనా వేయడు.

కాన్పు తర్వాత ఆ బట్టలను "మైల" అని పారేయడం, వాటిని తాకిన వారిని దూరం పెట్టడం కొన్ని ఇళ్ళలో ఉంది. ఇది ఇస్లాం బోధ కాదు. వస్త్రానికి రక్తం అంటితే గీకి, నీటితో రుద్ది, కడిగి, అదే వస్త్రంతో నమాజు చేసుకోవచ్చని దైవప్రవక్త (సఅసం) ఒక స్త్రీకి బోధించిన విషయాన్ని హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) ఉల్లేఖించారు. రక్తం అపరిశుద్ధం. ఆ స్త్రీ అపరిశుద్ధురాలు కాదు, అశుభమూ కాదు.

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) హజ్‌కు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా వద్ద హజ్రత్ అబూబక్ర్ (రజి) సతీమణి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ప్రసవించారు. తానేం చేయాలని ఆమె కబురు పంపి అడిగారు. స్నానం చేసి, గుడ్డ గట్టిగా కట్టుకుని, ఇహ్రామ్ సంకల్పం చేసుకోమని ఆయన సెలవిచ్చారు. వేలాది మంది సాగుతున్న ఆ ప్రయాణంలో ఒక బాలింత ఏ గుడ్డ ఎలా కట్టుకోవాలన్న ప్రశ్నను ఆయన చిన్న విషయం అనుకోలేదు. ఆమెను వెనక్కీ పంపలేదు.

భర్తలకు ఒక మాట

భార్యాభర్తలు ఒకరికొకరు వస్త్రం వంటివారని బఖరా సూరా 187వ ఆయతు చెబుతోంది. వస్త్రం పని కప్పడం. నొప్పులతో ఉన్న స్త్రీ తన కోసం తాను అడగలేదు. అప్పుడు తలుపు వేయమని, తెర లాగమని, దుప్పటి కప్పమని అడగవలసింది భర్త. నర్సుతో గొడవ పడకుండా, మర్యాదగా అడగాలి. లోపలికి పోలేకపోతే తల్లినో అక్కనో తోడు ఉంచి ఆ బాధ్యత అప్పగించాలి. బంధువులు గుంపుగా రాకుండా చూడాలి. బిడ్డ పుట్టిన సంతోషంలో తల్లి మంచం మీదుండగా సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి పదిమందికి పంపడం ఈ రోజుల్లో మామూలైపోయింది. డాక్టరుకు అగత్యం మేరకు అనుమతి ఉంది. ఫొటో చూసేవారికి ఏ అగత్యం ఉంది?

ఆ యువకుడికి ఈ విషయాలన్నీ కాగితం మీద రాసి పంపాము. వాళ్ళిద్దరూ డాక్టరుతో ముందే మాట్లాడారు. సొంత మాక్సీకి ఆమె ఒక్క నిమిషంలో ఒప్పుకుందట. తీరా సమయానికి బిడ్డ గుండె చప్పుడు తగ్గడంతో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడకుండా మాక్సీ విడిచి థియేటరు గౌను వేసుకుందట. "ఇప్పుడు మొదటి సగం" అని భర్తతో అన్నదట. ఆపరేషన్ అయ్యాక దుప్పటి కప్పించడం అతను మరచిపోలేదు. అల్లాహ్ దయవల్ల తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు.

హజ్రత్ మర్యమ్ (అలైహి) ఖర్జూర చెట్టు మొదట్లో ఒంటరిగా ప్రసవ వేదన పడుతూ, దీనికి ముందే చనిపోయి ఉంటే బాగుండునని వాపోయినప్పుడు అల్లాహ్ ఆమెను గద్దించలేదు. దుఃఖించవద్దని చెప్పించి, నీటి ఊటను చూపి, పండిన ఖర్జూరాలు అందించాడు. ప్రసవ వేదనలో ఉన్న స్త్రీతో ఎలా వ్యవహరించాలో మర్యమ్ సూరా 23 నుండి 26 వరకు గల ఆయతులు మనకు నేర్పుతున్నాయి.

కాన్పుకు సిద్ధమవుతున్న మన సోదరీమణులందరికీ అల్లాహ్ సులభమైన ప్రసవాన్ని, ఆరోగ్యవంతమైన సంతానాన్ని ప్రసాదించుగాక! వారి ప్రాణాన్నీ మానాన్నీ కాపాడే జ్ఞానాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.